సెబూలో నాలుగు రోజులు: పద్నాలుగు చర్చిల జాబితాలో పది కొట్టేయండి

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. చెల్లెలు ఫిలిప్పీన్స్‌లోని సెబూ నగరంలో వైద్యవిద్య పూర్తి చేసింది. పట్టా అందుకునే రోజుకు అమ్మానాన్నలను తీసుకుని వెళ్తున్నారు. అమ్మగారిది గుంటూరు వైపు కథోలిక కుటుంబం, గుణదల మాత ఉత్సవాలకు ఏటా వెళ్లే మనిషి. నాన్నగారు చరిత్ర చెప్పి పదవీ విరమణ చేసిన మాస్టారు, పైగా మోకాళ్ల నొప్పి. చేతిలో నాలుగు రోజులున్నాయి, జాబితాలో పద్నాలుగు చర్చిలున్నాయి. ఏ వరుసలో చూడాలని అడిగారు.

వరుస సంగతి తర్వాత. ముందు అందులోంచి పది పేర్లు కొట్టేయండి.

నేను సెబూలో ఉద్యోగరీత్యా తొమ్మిదేళ్లు ఉన్నాను. నేను కథోలికుణ్ణి కాను. కానీ మన ఊళ్ల నుంచి వచ్చిన బంధువులను, స్నేహితుల తల్లిదండ్రులను ఎన్నిసార్లు తిప్పానో లెక్కలేదు. మొదటి ఏడాది మీలాగే జాబితా రాసుకుని, వ్యాను మాట్లాడుకుని, ఒక్క రోజులో ఏడు చర్చిలు చూపించాను. ఐదో చర్చికి వచ్చేసరికి మా అత్తగారు వ్యాను దిగలేదు. "అన్నీ ఒక్కలాగే ఉన్నాయి నాయనా, నువ్వు చూసిరా" అన్నారు. ఆవిడ అన్నదాంట్లో తప్పేమీ లేదు. కథ తెలియకుండా చూస్తే అన్నీ మందమైన రాతిగోడలు, పొట్టి గంటగోపురాలే. మెదక్ చర్చిలాగా ఆకాశాన్ని తాకే శిఖరాలు ఇక్కడ కనిపించవు. భూకంపాలు వచ్చే నేల కనుక స్పెయిన్ నుంచి వచ్చిన గురువులు (చర్చి ఫాదర్లు) గోడలను లావుగా, కట్టడాన్ని నేలకు దగ్గరగా కట్టడం అలవాటు చేసుకున్నారు.

సెబూలో అడుగడుగునా వేసుకోవలసిన ప్రశ్న ఒకటుంది: నా ఎదురుగా ఉన్నదానిలో నిజంగా పాతది ఏది? ఈ ఊరు ఎన్నోసార్లు కాలిపోయింది, కూలిపోయింది, బాంబుల పాలైంది. అందుకని ఒకచోట గోడ పాతది, కప్పు కొత్తది. ఇంకోచోట భవనం కొత్తది, లోపలి స్వరూపం, అంటే విగ్రహం, పాతది. మరోచోట చర్చే లేదు, దాని పేరు మాత్రం మిగిలింది. మాస్టారికి ఈ ఆట బాగా నచ్చుతుంది.

మొదటి రోజు పొద్దున్నే శాంతో నిన్యో బసిలికాకు (పోపు ప్రత్యేక హోదా ఇచ్చిన చర్చి) వెళ్లండి. శాంతో నిన్యో అంటే పవిత్ర బాలుడు, మన బాల యేసు. ఫిరంగిపురం బాల యేసు దేవాలయం తెలిసినవారికి ఆ రూపం కొత్తగా ఉండదు. తలపై కిరీటం, ఒక చేతిలో భూగోళం, మరో చేయి దీవిస్తూ పైకెత్తి ఉంటుంది. ఈ స్వరూపం అడుగు ఎత్తుంటుంది, చెక్కతో చేసింది. ఫిలిప్పీన్స్‌లో మిగిలిన క్రైస్తవ వస్తువులన్నిటిలోకీ పాతది ఇదే. ప్రధాన బలిపీఠానికి పక్కగా గాజు అరలో ఉంచారు. దాని ముందు ఎప్పుడూ వరుస ఉంటుంది.

దాని కథ అమ్మగారికి విమానంలోనే చెప్పి ఉంచండి. 1521 ఏప్రిల్ 7న స్పెయిన్ రాజు పంపిన నావికుడు మెగెల్లన్ మూడు ఓడలతో సెబూ రేవుకు వచ్చాడు. ఇక్కడి పాలకుడు రాజా హుమాబోన్. అవును, అది మన 'రాజా' పదమే. సంస్కృతం సముద్రం దాటి ఈ దీవుల దాకా వెళ్లింది. దేవతను 'దివాతా' అంటారు, ఫిలిపినో భాషలో పంతులుగారిని 'గురో' అంటారు. నాన్నగారిని ఎవరికైనా పరిచయం చేసేటప్పుడు ఆ మాట వాడి చూడండి, ముఖాలు వెలిగిపోతాయి. వారం తిరిగేసరికి, ఏప్రిల్ 14న, హుమాబోన్, ఆయన రాణి, వారితోపాటు వందలమంది జ్ఞానస్నానం పొంది క్రైస్తవులయ్యారు. రాణికి హువానా అని పేరు పెట్టి ఈ బాల యేసు స్వరూపాన్ని కానుకగా ఇచ్చారు. మరో రెండు వారాలకు, ఏప్రిల్ 27న, ఎదుటి దీవి మక్తాన్‌లో అక్కడి నాయకుడు లపులపు వీరుల చేతిలో మెగెల్లన్ చనిపోయాడు. మిగిలినవారు ఓడలెక్కి వెళ్లిపోయారు.

ఆ తర్వాత 44 ఏళ్లు స్పెయిన్ వాళ్లు ఇక్కడ నిలదొక్కుకోలేదు. 1565లో స్పెయిన్ సేనాని లెగాస్పి దండుతో వచ్చాడు, సెబూ తగలబడింది. ఏప్రిల్ 28న కాలిన ఇళ్లను వెతుకుతున్న ఒక నావికుడికి ఒక పెట్టెలో ఈ స్వరూపం చెక్కుచెదరకుండా దొరికింది. ఇన్నేళ్లూ దాన్ని ఎవరు దాచారు, ఏమని కొలిచారు? వానలు పడకపోతే సముద్రంలో ముంచి మొక్కుకునేవారని ఇక్కడి పెద్దలు చెప్తారు. మనం వరుణజపం చేసినట్టే. గురువులు లేరు, పూజలు లేవు, ఒక్క స్వరూపం మాత్రం 44 ఏళ్లు ఎవరి చేతుల్లోనో భద్రంగా ఉంది. సెబూ మొత్తంలో నన్ను అన్నిటికంటే ఆకట్టుకున్నది ఈ ఖాళీయే. మాస్టారితో దీని మీద గంటసేపు మాట్లాడవచ్చు.

స్వరూపం దొరికిందని చెప్పే చోటే అగస్టీనియన్ సభ గురువులు చర్చి కట్టారు. మొదటిది ఏడాదిలోనే కాలిపోయింది. ఇప్పుడు మీరు చూసే రాతి చర్చి 1735లో మొదలై 1739లో పూర్తయింది. 1965లో, అంటే స్వరూపం దొరికి 400 ఏళ్లయిన సందర్భంగా, పోపు ఆరవ పాల్ దీనికి బసిలికా హోదా ఇచ్చారు. 2013 అక్టోబరు 15న బొహోల్ దీవిలో 7.2 తీవ్రతతో భూకంపం వస్తే ఇక్కడి గంటగోపురం కూలింది. తర్వాత మళ్లీ నిలబెట్టారు. గోపురం పైభాగాన్ని కాసేపు చూడండి, పాత రాయి ఎక్కడ ఆగిందో, కొత్త రాయి ఎక్కడ మొదలైందో మాస్టారు కనిపెడతారేమో.

శుక్రవారం శాంతో నిన్యోకు ప్రత్యేకమైన రోజు. పొద్దుటి నుంచి రాత్రి దాకా పూజలు ఒకదాని వెంట ఒకటి జరుగుతూనే ఉంటాయి, జనం రోడ్డు మీదికి పొంగుతారు. భక్తి చూడాలంటే శుక్రవారం, కట్టడం చూడాలంటే మంగళవారమో బుధవారమో. మీకు వీలైతే రెండూ చేయండి. శుక్రవారం తెల్లవారుజామున అమ్మగారిని పూజకు తీసుకెళ్లండి, మరో రోజు మధ్యాహ్నం మాస్టారితో తీరిగ్గా వెళ్లండి. సెబువానో భాషలో పూజలే ఎక్కువ, ఇంగ్లీషు పూజల వేళలు అక్కడి బోర్డు మీద ఉంటాయి. భాష రాకపోయినా అమ్మగారికి ఇబ్బంది ఉండదు, ఎప్పుడు లేవాలో, ఎప్పుడు మోకరించాలో ఆవిడకు మనకంటే బాగా తెలుసు.

ఆవరణలో, పక్కనే ఉన్న మెగెల్లన్ శిలువ దగ్గర, ఎరుపు పసుపు దుస్తుల్లో కొవ్వొత్తులు అమ్మే పెద్దావిడలు ఉంటారు. వారిని దాటి వెళ్లిపోకండి. మీరు కొవ్వొత్తులు కొంటే, ఎవరి కోసం ప్రార్థించాలో పేర్లు అడుగుతారు. ఆ పేర్లు పలుకుతూ, కొవ్వొత్తులు చేతబట్టి, ముందుకూ వెనక్కూ అడుగులు వేస్తూ మీ తరఫున ఆడతారు. దాన్నే సినులోగ్ అంటారు. 'సులోగ్' అంటే నీటి ప్రవాహం. రెండడుగులు ముందుకు, ఒకటి వెనక్కి. టీవీలో కనిపించే పెద్ద సినులోగ్ ఊరేగింపు 1980 నాటి నుంచి మొదలైన సంబరం. ఈ ముసలమ్మల ఆట దానికంటే చాలా పాతది. ఎంత ఇవ్వాలన్నది మాత్రం ముందే మాట్లాడుకోండి, తర్వాత ఇబ్బంది పడకుండా ఉంటారు.

బసిలికా ప్రదర్శనశాలలో బాల యేసుకు భక్తులు కుట్టించిన పాత దుస్తులు, కానుకలు ఉన్నాయి. చిన్నగా ఉంటుంది, అరగంట చాలు. స్వరూపం రాత్రిపూట ఊళ్లో తిరుగుతుందని, పొద్దున చూస్తే బట్టలకు గడ్డిముళ్లు అంటుకుని ఉంటాయని ఇక్కడొక ముచ్చట చెప్పుకుంటారు. మన ఊళ్లలో అమ్మవారు రాత్రి గజ్జెల చప్పుడుతో తిరుగుతుందని విన్నవారికి ఇది కొత్త కాదు.

మెగెల్లన్ శిలువ చాలామందిని నిరాశపరుస్తుంది. ఎనిమిది పలకల చిన్న మండపం, మధ్యలో ఒక చెక్క శిలువ, అంతే. 1521లో నాటిన అసలు శిలువ లోపల ఉందని, బయట కనిపించేది దానికి తొడిగిన తిందాలో చెక్క తొడుగని ఫలకం మీద రాసి ఉంటుంది. ముక్కలు ఇంట్లో ఉంచుకుంటే జబ్బులు నయమవుతాయని జనం అసలు శిలువను చెక్కుకుపోతుంటే, కాపాడటానికి తొడుగు వేశారట. పైకప్పు మీది బొమ్మలు జ్ఞానస్నానం ఘట్టాన్ని చూపిస్తాయి, అవి 20వ శతాబ్దపువి. తల ఎత్తి చూడటం మరచిపోకండి. ఆ తర్వాత పది నిమిషాల్లో బయటపడవచ్చు.

అక్కడి నుంచి నాలుగడుగుల్లో కథెడ్రల్, అంటే బిషప్పుగారి ప్రధాన చర్చి, ఉంది. సెబూ మేత్రాసనం (బిషప్పు పరిధిలోని ప్రాంతం) 1595లో ఏర్పడింది, కాబట్టి హోదాలో ఇదే పెద్దది. కానీ రెండో ప్రపంచయుద్ధం చివర్లో పడిన బాంబులకు ముఖద్వారం, గంటగోపురం, కొన్ని గోడలు తప్ప అంతా పోయింది. 1950లలో మళ్లీ కట్టారు. లోపల నిలబడితే కొత్త చర్చిలాగే ఉంటుంది, బయట ముఖభాగం మాత్రం పాతది. పక్కనున్న పాత గురుమందిరం, అంటే ఫాదర్లు ఉండే ఇల్లు, యుద్ధాన్ని తట్టుకుంది. ఇప్పుడది ప్రదర్శనశాల. నా దృష్టిలో కథెడ్రల్ కంటే ఆ గురుమందిరమే చూడదగినది. నేను వెళ్లినప్పుడు నిశ్శబ్దంగా ఉండేది, కూర్చోవడానికి చోటు ఉండేది. మోకాళ్ల నొప్పి ఉన్నవారికి ఇది చిన్న విషయం కాదు.

మధ్యాహ్నం ఎండ తగ్గాక పరియాన్ వైపు వెళ్లండి. దారిలో కొలోన్ వీధి తగులుతుంది. 1565 నాటిదని, దేశంలో అన్నిటికంటే పాత వీధి అని చెప్తారు. పేరు కొలంబస్‌ది. పాతదేమైనా కనిపిస్తుందా అంటే ఏమీ లేదు. చౌక బట్టల దుకాణాలు, జీప్నీల (జీపులాంటి చిన్న బస్సుల) పొగ, జనం. కారులోంచి చూస్తే చాలు, జేబులు జాగ్రత్త.

పరియాన్ ఒకప్పుడు చైనా వర్తకుల పేట. ఇక్కడి స్త్రీలను పెళ్లాడి స్థిరపడినవారి సంతతి బాగా డబ్బు గడించింది, సొంత చర్చి కట్టుకుంది. బాప్తిస్త యోహాను పేరిట ఉన్న ఆ చర్చి ఊళ్లోకెల్లా వైభవంగా ఉండేదట. 19వ శతాబ్దం చివర్లో పీఠాధికారులతో తగవు ముదిరి దాన్ని కూల్చేశారు. ఆ చోట ఇప్పుడు అగ్నిమాపక కేంద్రం ఉంది. లేని చర్చిని చూపించడానికి నేను అందరినీ అక్కడికి తీసుకెళ్తాను. ఎదురుగా ఉన్న పెద్ద శిల్పసమూహం 2000 సంవత్సరంలో పూర్తయింది, ఎదువార్దో కాస్త్రిల్యో రూపొందించినది. మెగెల్లన్ రాక నుంచి ఇప్పటిదాకా సెబూ చరిత్రంతా ఒకే గుట్టగా పోసినట్టు ఉంటుంది. కొందరికి నచ్చుతుంది. నాకు కాస్త గజిబిజిగా తోచింది.

అక్కడే యాప్ శాన్‌దియేగో ఇల్లు ఉంది. 17వ శతాబ్దం చివరి నాటిదంటారు. పగడపు రాళ్లను గుడ్డుసొనతో కలిపిన సున్నంతో అతికారని, పైన ఎర్రమట్టి పెంకులని వివరిస్తారు. మన గోదావరి జిల్లాల పెంకుటిళ్లలో పుట్టినవారికి ఇంట్లోకి వెళ్లినట్టే ఉంటుంది. కొద్ది దూరంలో కాసా గొరొర్దో ఉంది, సెబూకు తొలి ఫిలిపినో పీఠాధిపతి అయిన హువాన్ గొరొర్దో కుటుంబం ఇల్లు. రెండింటిలో ఒకటే చూసే ఓపిక ఉంటే, నాన్నగారి కోసం కాసా గొరొర్దో ఎంచుకోండి, వివరణలు బాగుంటాయి. ఓపిక ఇంకా మిగిలితే 1730 నాటి జెస్యూట్ సభ గురువుల ఇల్లు చూడండి. అది ఇనుప సామాన్ల గిడ్డంగి లోపల ఉంది. బస్తాలు, పైపుల మధ్య నుంచి నడిచి వెళ్తే లోపల ఒక పాత ఇల్లు, గోడ మీద చెక్కిన సంవత్సరం కనిపిస్తాయి. ఆ గిడ్డంగే దాన్ని కాపాడిందని నా అనుమానం. ఖాళీగా ఉండి ఉంటే ఈపాటికి ఎవరో కూల్చి హోటలు కట్టేసేవారు.

సాన్ పేద్రో కోట రేవు పక్కనే ఉంది. మూడు మూలల చిన్న కోట, రెండు వైపులు సముద్రానికి, ఒకటి నేలకు. గోల్కొండ చూసిన కళ్లతో వెళ్తే నవ్వొస్తుంది. 1565లో కర్రలతో మొదలై, ఇప్పుడున్న రాతికోట 1738 నాటికి తయారైంది. తర్వాతి రోజుల్లో కొంతకాలం జంతుప్రదర్శనశాల కూడా. సాయంత్రం లోపలి తోటలో కూర్చోవడానికి బాగుంటుంది.

ఇక రెండో పెద్ద ప్రయాణం దక్షిణానికి. కారు మాట్లాడుకోండి, బస్సులో మోకాళ్లకు కష్టం. ఉదయం ఐదున్నరకే బయలుదేరండి, ఏడు దాటితే ఊరు దాటడానికే గంట పోతుంది. సుమారు 40 కిలోమీటర్లకు కార్కార్ వస్తుంది. అక్కడి చర్చి జంట గోపురాల మీద ఉల్లిపాయ ఆకారపు బురుజులుంటాయి, మసీదును తలపిస్తాయి. 19వ శతాబ్దపు కట్టడం. కార్కార్ అసలు పేరు తెచ్చుకున్నది కాల్చిన పందిమాంసంతో. అది తినేవారు బజారులో ఆగవచ్చు. తిననివారికి 'పుసో' ఉంది, కొబ్బరాకుతో అల్లిన చిన్న బుట్టలో ఉడికించిన అన్నం. అందుకని ఆవకాయ సీసా సంచిలో ఉండాలి, ఆ కలయిక రుచి నేను మాటల్లో చెప్పలేను.

తర్వాత సిబోంగా దగ్గర సిమాలా మరియమాత పుణ్యక్షేత్రం. చారిత్రకమైనది కాదు, 1998 తర్వాత కట్టినదే, చూడటానికి యూరప్ రాజుల కోటలాగా ఉంటుంది. మాస్టారు ముఖం చిట్లించవచ్చు. కానీ అమ్మగారి కోసం ఉంచండి. మొక్కు తీరినవారు వదిలివెళ్లిన చేతికర్రలు, ఉత్తరాలు, పరీక్ష పాసైనవారి కృతజ్ఞతలు అరల నిండా ఉంటాయి. గుణదల కొండ మీద మొక్కులు చూసిన మనిషికి అక్కడ పరాయితనం ఉండదు. చేతుల్లేని జాకెట్లు, పొట్టి నిక్కర్లు వేసుకుంటే లోపలికి రానివ్వరు.

అర్గావోలో చర్చి లోకప్పు నిండా దేవదూతల చిత్రాలున్నాయి. చర్చి చుట్టూ పాత ప్రాంగణం మిగిలి ఉంది, స్పెయిన్ కాలపు ఊరు ఎలా ఉండేదో తెలుస్తుంది. అక్కడ 'తోర్తా' అనే కేకు తినండి. పిండి పొంగడానికి కొబ్బరికల్లు పోస్తారు.

చివరిది బోల్‌హోన్, నగరం నుంచి 100 కిలోమీటర్లు. దక్షిణాన ఒక్కటే చూడగలిగితే ఇదే చూడండి. ఇప్పటి రాతి చర్చి పని 1783లో మొదలైంది. వెనక కొండ, ఎదురుగా సముద్రం, మధ్యలో కోటలాంటి చర్చి. కోట అనడం అలంకారానికి కాదు. దక్షిణపు దీవుల నుంచి పడవల మీద దాడులు వచ్చేవి. జూలియన్ బెర్మెహో అనే గురువు తీరం వెంట వరుసగా కావలి బురుజులు కట్టించి, ఒకదాని నుంచి మరొకదానికి సంకేతాలు అందే ఏర్పాటు చేశాడు. చర్చి ఆవరణ తవ్వితే పాత సమాధులు, వాటిలో చైనా, జపాన్ పింగాణీ దొరికాయి. లోపల ప్రసంగ వేదికను చూడండి. దాని చెక్క పలకలు దశాబ్దాల క్రితం మాయమై, 2024లో మనీలాలోని జాతీయ ప్రదర్శనశాలకు ఎవరో ఇచ్చిన కానుకల్లో బయటపడ్డాయి. మావి మాకివ్వాలని సెబూ అగ్రపీఠం (ఆర్చిబిషప్పు పీఠం) పట్టుబట్టడంతో పెద్ద గొడవైంది. మన గుళ్ల నుంచి పోయిన విగ్రహాలు పరదేశాల ప్రదర్శనశాలల్లో తేలిన కథలు తెలిసిన మాస్టారికి ఎక్కువ వివరించక్కర్లేదు.

అక్కడితో వెనక్కి తిరగండి. ఇంకాస్త దిగితే ఓస్లోబ్‌లో తిమింగల సొరచేపలను చూపిస్తారు. మేత వేసి అలవాటు చేసి రప్పించడం నాకు నచ్చదు, నేను ఎవరినీ తీసుకెళ్లలేదు. ఉత్తరం వైపు పేర్లన్నీ ఈసారికి కొట్టేయండి. 2025 సెప్టెంబరు 30న బోగో దగ్గర 6.9 తీవ్రతతో వచ్చిన భూకంపానికి అటువైపు పాత చర్చిలు దెబ్బతిన్నాయి. బొహోల్ చర్చిలు చాలా గొప్పవి, కానీ ఓడ ప్రయాణం కలిపితే వాటికి వేరే రెండు రోజులు కావాలి.

తిరుగు ప్రయాణం రోజున విమానాశ్రయం మక్తాన్ దీవిలోనే కనుక రెండు గంటలు ముందు బయలుదేరి యుద్ధస్థలం చూడండి. 1866లో స్పెయిన్ పాలకులు మెగెల్లన్‌కు నిలిపిన స్తంభం, తర్వాత ఫిలిపినోలు లపులపుకు నిలిపిన కంచు విగ్రహం ఒకే తోటలో ఉన్నాయి. చంపినవాడికీ చచ్చినవాడికీ పక్కపక్కనే గౌరవం. హోటలు పట్టికలో 'లపులపు' అని కనిపిస్తే కంగారుపడకండి, అది ఒక చేప పేరు కూడా. ఓపిక ఉంటే అదే దీవిలో విర్హెన్ దె రెగ్లా మరియమాత చర్చికి అమ్మగారిని తీసుకెళ్లండి.

వీసా గురించి కూడా అడిగారు. 2025 జూన్ నుంచి భారతీయ పర్యాటకులకు 14 రోజుల దాకా వీసా అక్కర్లేదు. తిరుగు టికెట్టు, బస వివరాలు చేతిలో ఉండాలి, ఫిలిప్పీన్స్ చేరడానికి ముందు 72 గంటల్లోపు 'ఈట్రావెల్' అనే ఆన్‌లైన్ నమోదు చేసుకోవాలి. సింగపూర్ మీదుగా వెళ్తే నేరుగా సెబూలోనే దిగవచ్చు, మనీలాలో విమానం మారే శ్రమ తప్పుతుంది.

పట్టా రోజు ఎప్పుడో మీరు రాయలేదు. అది జనవరి మూడో ఆదివారానికి అటూ ఇటూ పడితే నేను పైన రాసిన వేళలేవీ పనిచేయవు. ఆ ఆదివారమే శాంతో నిన్యో పండుగ. ముందురోజు స్వరూపాన్ని ఓడలో సముద్రం మీద ఊరేగిస్తారు, మర్నాడు వీధులు మూసేస్తారు, 'పిట్ సెన్యోర్' అనే కేకతో ఊరు మోగిపోతుంది. గదులు దొరకవు, దొరికినా ధర రెండింతలు. అలాంటప్పుడు బసిలికాకు నడిచి వెళ్లగలిగే దూరంలో గది ఈరోజే మాట్లాడేయండి, దక్షిణం ప్రయాణం మంగళవారానికి జరపండి. తేదీ చెప్తే మిగతాది సర్దిపెడతాను.